దారిలో తాళం, బల్లమీద బట్టబయలు

2023 ఆగస్టు 14, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు, కర్దనూర్ దగ్గరి మా మందుల కంపెనీ క్యాంటీన్‌లో కూర్చుని, ప్యాకింగ్ విభాగంలో పనిచేసే ఒక అమ్మాయికి "మనం పెండ్లి చేసుకుందమా?" అని ఫోనులో రాసి పంపాను. ఆమె నాకు రెండు బల్లల అవతలే పప్పన్నం తింటోంది. తలెత్తకుండానే "ఊ" అని జవాబిచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. అయినా ఆ ఒక్క అక్షరాన్ని చదివినంత శ్రద్ధగా ఏ పాఠ్యపుస్తకాన్నీ చదవలేదు.

ఆ సంబరంలో పెరుగన్నంలో సాంబారు పోసుకుని తింటూంటే, ల్యాబ్‌లో నా పక్కన పనిచేసే మిత్రుడు ఫోనులోకి తొంగిచూశాడు.

"కంపెనీ వైఫై మీద రాసినవా? ఇగ అయిపోయినవ్ పో! అన్నీ సర్వర్ రూముల కనవడ్తయ్ రా!"

సర్వర్ రూము చూసుకునేది ఆ అమ్మాయి అన్నయ్య. మా చర్చి కుటుంబాల్లో ఇటువంటి సంగతికి ఒక వరుస ఉంది. ముందు పెద్దలు వెళ్ళి అడగాలి, ఆ తర్వాత పాస్టరు అయ్యగారు మూడు ఆదివారాలు ఆరాధనలో పెళ్ళి ప్రకటన చదవాలి. పెద్దలు కదలకముందే ఆయన నా రాతను చూస్తే మర్యాదా పోతుంది, సంబంధమూ పోతుంది.

కనుక నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళి, చదువుకున్నవాడికి తగినట్లు, శాస్త్రీయమైన సందేహంగా అడిగాను.

"అన్నా, ఊకెనే అడుగుతున్న. వైఫైల పంపిన మెసేజి మీకు కనవడ్తదా?"

"ఊకెనే అడిగెటోనికి ఏసీ రూముల గా చెమటలేంది?" అని నవ్వాడాయన. "ఒకటి పంపు, సూపిస్త."

ఆ సాకుతోనే ఆమెను హెచ్చరించవచ్చని "మీ అన్న కాడ ఉన్న" అని ఆమెకు పంపి, ఫోను బల్లమీద పెట్టాను. ఆయన కంప్యూటర్ తెర నిండా అక్షరాలూ అంకెలూ చిందరవందరగా పరుగెత్తాయి.

"గేటు కాడ సెక్యూరిటీ లెక్క నేను. సీలేసిన డ్రమ్ము పోయిందని తెలుస్తది, ఎంత పెద్దదో తెలుస్తది. లోపల ఏమున్నదో తెల్వది."

"మరి గా డ్రమ్ము తాళంచెవి? అది గూడ గేటు దాటే పోవాలె గద?"

"అది దారిలకు రానే రాదు. రెండు ఫోన్లు చెరో నంబరు దాసుకుంటయ్, దాన్ని ఇంకోదాంట్ల కలిపి, కలిపినదాన్ని పంపుకుంటయ్. వచ్చినదాన్ని దాసుకున్నదానితోని కలిపితేనే తాళంచెవి. మధ్యల ఉన్నోడు పంపినయే సూస్తడు. అండ్లకెల్లి దాసుకున్నది ఎనక్కి తియ్యుడు ఎవ్వనితోని కాదు."

కలపడం క్షణంలో పని, విడదీయడం జన్మలో కాని పని! ఇది మా రసాయనశాస్త్రమే కదా అనిపించి, ఆ సర్వర్ల మధ్యనే గంతులు వేయాలనిపించింది. ఎవరూ విప్పలేని ఆ చిందరవందర అంత అందంగా కనిపించింది.

అప్పుడే బల్లమీద నా ఫోను వెలిగింది. ఆమె ఫొటో, పక్కనే శుభ్రమైన తెలుగు అక్షరాలు: "జెర పైలం! పెండ్లి ముచ్చట మా అన్నకు తెల్వద్దు."

ఆయన చదివాడు. తాపీగా మళ్ళీ చదివాడు.

"నేనైతే ఏ తాళం ఇప్పలే," అన్నాడు. "నీ ఫోనే ఇప్పి సూపెట్టింది."

"అన్నా..."

"అన్న అనుడు బంద్ చెయ్యి రా నాయనా! నేను నీకు అన్ననైతే మా చెల్లె నీకేమైతది? బావ అను. జల్దీ మీ అమ్మానాయినను తోలియ్యి, మా బాపుతోని మాట్లాడనీకి."

ఆ వారమే పెద్దలు మాట్లాడుకున్నారు. మూడు ఆదివారాలూ ప్రకటన చదివారు. ఇప్పుడు మేమిద్దరం వెలిమెలలో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. నా ఫోనుకు సందేశం వస్తే తెరమీద "కొత్త సందేశం" అని మాత్రమే కనిపిస్తుంది.