సైకాలజీ ఎందుకని అడిగిన అక్క

మెదక్ బస్టాండు పక్క సందులో నెట్ సెంటర్ నడిపిన అక్క మొన్న మంగళవారం పోయింది. నాయిన ఫోన్ చేసేసరికి నేను హైదరాబాదులో, కాలేజీ వరండాలో, ప్రాక్టికల్ పరీక్షకు పిలుపు కోసం నిలబడి ఉన్నాను. "పొద్దుగాల దవాఖానల పానం పోయింది బిడ్డా. కిడ్నీలు ఖరాబైనయట," అన్నాడు. పరీక్ష ఎలా చేశానో గుర్తు లేదు. స్టాప్‌వాచ్ నొక్కడం రెండుసార్లు మరిచిపోయాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. లేచి డోర్ దగ్గర నిలబడితే కండక్టరు కసిరాడు. మళ్లీ కూర్చున్నాను, మళ్లీ లేచాను.

మా ఊళ్లో ఇంటర్ పాసైన వాళ్లలో ఆ అక్క చేత ఫారం నింపించుకోని వాళ్లు తక్కువ. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పిన మనిషి. కీబోర్డు వైపు చూడకుండానే కొట్టేది. పేరు దగ్గర మాత్రం ఆగి, పదో తరగతి మెమో మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం మాతోనే పైకి చదివించేది. వెనక లైనులో ఎవరైనా గొణిగితే, "సర్వరే ఆగుతున్నది, నువ్వు జర ఆగలేవా?" అనేది.

నేను బైపీసీ పాసైన ఏడాది, డిగ్రీ ఆప్షన్లు పెట్టడానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయనగా, ఒక్కదాన్నే ఆమె దగ్గరికి వెళ్లాను. నాయిన రాసిచ్చిన చీటీలో బీఎస్సీ, మెదక్ కాలేజీ అని ఉంది. నేను ఆ చీటీ తీయలేదు.

"సైకాలజీ పెట్టక్కా. హైదరాబాద్ల. ఓటీపీ నాయిన ఫోన్‌కు పోతది, ఆ నంబర్ మార్చు."

"సైకాలజీ ఎందుకు?"

"మనుషుల మనసు చదవాలని."

"అట్లనా? నా మనసుల ఏమున్నదో చెప్పు."

ఆమె నవ్వలేదు. "మీ నాయినకు తెల్వకుండ నా చేత్తోని ఏం నొక్కను. పో, ఆలోచించుకొని రా," అంది. కోపంతో బయటికొచ్చి బస్టాండు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో. ఎండకు తల తిరిగి, వేరే దారి లేక, మళ్లీ ఆమె దగ్గరికే వచ్చాను.

అప్పుడు చెప్పాను. ఇంటర్ హాస్టల్లో నా పక్క మంచం పిల్ల ఒకరోజు నుంచి మాట్లాడటం మానేసింది. తినడం తగ్గించింది. వార్డెన్ నాటకాలంది. పది రోజులకు వాళ్లవాళ్లు వచ్చి తీసుకుపోయారు, మళ్లీ రాలేదు. ఆ పది రోజులూ దాని పక్కనే పడుకున్నాను. ఏం అడగాలో తెలియక ఏమీ అడగలేదు.

అక్క మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. "గిది చెప్పు మీ నాయినకు. మనసు చదువుడు గిదువుడు చెప్పకు."

తరువాత నాకోసం సిలబస్ ప్రింట్ తీసింది. "ఇగో, స్టాటిస్టిక్స్ ఉన్నది. లెక్కలంటె నీకు భయం గద?" అని దాని కింద గీత గీసింది. మూడు కాలేజీలకు ఫోన్ చేసి, బైపీసీ వాళ్లకు సీటు ఇస్తారా, తెలుగు మీడియం పిల్లలు నెట్టుకొస్తారా, హాస్టల్ ఉందా అని అడిగి, పాడైన ప్రింటు వెనక రాసింది. "ఒట్టి డిగ్రీతోని కౌన్సిలర్‌వి కావు. పీజీ చెయ్యాలె, ఆ తర్వాత ట్రైనింగ్. మూడేండ్ల ముచ్చట కాదిది. గిది దాచిపెట్టి మీ నాయినను ఒప్పియ్యకు."

మర్నాడు నాయిన మా ఊరు హవేలిఘనపూర్ నుంచి నాట్లు మధ్యలో వదిలేసి వచ్చాడు. కాళ్లకు బురద ఉందని గడప బయటే నిలబడ్డాడు.

"పిచ్చోళ్ల చదువానె ఇది?" అన్నాడు నాతో. ఆమె వైపు తిరిగి, "మూడేండ్లు చదివినంక గూడ నౌకరి రాదంటున్నవా అక్కా?"

"రాదు అనలే తమ్ముడూ. ఇంకా చదవాల్సొస్తది అన్న. నన్నడుగుడు కాదు, పిల్లనడుగు."

హాస్టల్ పిల్ల సంగతి చెప్పాను. నాయిన కాలి బురద మెట్టుకు గీకుతూ విన్నాడు.

"గా పిల్ల ఇప్పుడెట్లున్నది?"

"తెల్వదు నాయినా."

"తెల్సుకోలేదా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన జేబులోంచి ఫోన్ తీసి, కళ్లకు దూరంగా పట్టుకుని, ఓటీపీ అంకెలు ఒక్కొక్కటే చదివాడు.

ఇప్పుడు నాది మూడో ఏడు. మొన్న దసరాకు వెళ్లేసరికి అక్క డయాలసిస్ చేయించుకుంటోంది. క్లాసులో నేర్పినట్టు ముందుకు వంగి, తల ఊపుతూ వింటున్నాను. "నన్ను కేసు లెక్క చూడకు. చాయ్ తాగు," అంది. పీజీ ఫారాలు ఎప్పుడొస్తాయని అడిగింది. చూద్దామక్కా అన్నాను. నిజానికి పీజీ అంటే భయం పట్టుకుంది, చదువు ఇంతటితో ఆపేద్దామా అనుకుంటున్నాను. అది ఆమెకు చెప్పే ధైర్యం లేక, బస్సుందని లేచాను. బస్సు ఇంకా గంటకు గానీ లేదు. ఆ గంట నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వడం లేదు.

అంత్యక్రియలకు బస్సు దిగి సమాధుల తోటకు చేరేసరికి చినుకులు. మట్టి వేయడానికి లైను గేటు దాకా ఉంది. అందరూ దాదాపు నా ఈడు వాళ్లే. డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన నర్సు, ఖాకీ ప్యాంటు కుర్రాళ్లు, చంటిపిల్లనెత్తుకున్న ఒకామె. అక్క భర్తకు మాలో ఎవరి పేరూ తెలియదు. తడుస్తూ గేటు దగ్గర నిలబడి, మట్టి వేసి బయటికొస్తున్న ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని, "నువ్వేం చదివినవ్ బిడ్డా?" అని అడుగుతున్నాడు. నర్సింగ్, అంది నాకు ఇద్దరి ముందున్న అమ్మాయి. ఐటీఐ, అన్నాడు ఆమె వెనకతను. నా వంతు వచ్చింది.

"సైకాలజీ," అన్నాను. "ఇంకా అయిపోలే."

ఆయన తల ఊపాడు. చెయ్యి మాత్రం వెంటనే వదల్లేదు. గొడుగు లేని ఆ మనిషి కనుబొమల మీంచి నీళ్లు కారుతున్నాయి. నా వెనక లైను ఒక అడుగు ముందుకు జరిగింది.