నిన్నటి తారీఖు

"కంచం ముందు కూర్చుని ఏటి ఆలోచిస్తన్నావు? తిను" అంది తల్లి మేరి.

"సహించట్లేదమ్మా."

"పిల్లలకి పాఠం చెప్పడానికి ఎనిమిదేళ్ల తర్వాత ఇప్పుడు భయమేటి?"

"పిల్లలకి కాదు. ఈరోజు వెనక కళ్యాణి దీదీ కూర్చుంటాది. జూన్‌లో ఇంటర్వ్యూ చేసేవాళ్లలో ఆవిడ కూడా ఉంటాది."

కూతురు తినకుండానే లేచింది. అబిగేలు ప్రోతరాపూర్‌లో బస్సెక్కి, పోర్ట్ బ్లెయిర్‌లో దిగేదాకా సంచిలోని నోట్సు మీద నుంచి చెయ్యి తీయలేదు. అక్కడి ఒక కాలేజీలో ఆమె జాగ్రఫీ చెబుతుంది. ఎనిమిదేళ్లయినా ఉద్యోగం ఏ ఏటికి ఆ ఏడే. ప్రతి జూన్‌లోనూ కొత్తగా వచ్చినవాళ్లతో పాటు ఇంటర్వ్యూకి వరుసలో కూర్చోవాలి.

ఈ ఏడు ఐదుగురు లెక్చరర్లు కలిసి తమ పాఠాలు బాగుచేసుకోవాలని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకరి క్లాసుకి ఇంకొకరు వెళ్లి వెనక బెంచీలో కూర్చోవాలి. చెప్పేవాళ్లని కాదు, పిల్లలని చూడాలి. వాళ్లు ఏ నిమిషంలో ఏం చేశారో ఒక కాగితం మీద రాయాలి. సాయంత్రం అందరిలో చదివి, ఆ కాగితం పాఠం చెప్పినవాళ్ల చేతికి ఇచ్చేయాలి. నకలు ఉంచుకోకూడదు.

కాగితం చేతికి వచ్చినంత మాత్రాన చూసింది మరిచిపోతారా అని అబిగేలు భయం. అందుకే బుధవారం ఎవరూ చేయని పని చేసింది. గురువారం చెప్పాల్సిన ఆటుపోట్ల పాఠం ఒకరోజు ముందే మొత్తం చెప్పేసి, ఏ ప్రశ్నకి ఎవరు చెయ్యెత్తాలో కూడా నేర్పింది.

"షూటింగా మేడమ్?" అని మంజు నవ్వింది.

"అవును. రీటేక్ ఉండదు" అంది అబిగేలు, నవ్వకుండా.

గురువారం పదకొండు గంటలకి కళ్యాణి వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. ఆమె హిస్టరీ చెబుతుంది. కళ్లజోడు తుడుచుకుని కాగితం తీసింది. అబిగేలు మొదటి ప్రశ్న మొదలుపెట్టింది. ప్రశ్న పూర్తికాకముందే చేతులు లేచాయి. జవాబులు తడుముకోకుండా వచ్చాయి. బోర్డు మీద భూమినీ చంద్రుణ్ణీ గీసి, చంద్రుడివైపు నీరు ఉబుకుతుందనీ, అదే సమయంలో వెనకవైపూ ఉబుకుతుందనీ చెప్పి ముందుకు వెళ్లబోయింది.

"మేడమ్, ఏక్ డౌట్."

చక్రి. హోప్ టౌన్‌లో చేపల వేటకి వెళ్లే నూకయ్య కొడుకు. నిన్న గాలికి ఫెర్రీ ఆగిపోయి కాలేజీకి రాలేదు. ఆ సంగతి అబిగేలుకి అప్పుడే గుర్తొచ్చింది.

"చంద్రుడు నీళ్లని లాగితే అటేపు పోటు రావాలి. మరి వెనకేపు ఎందుకొస్తది? అక్కడ లాగేది ఎవరు?"

మంజు చక్రి చొక్కా పట్టి లాగింది. ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎనిమిదేళ్లుగా ఆ వాక్యం చెబుతూ వచ్చింది అబిగేలు. వెనకవైపు పోటు ఎందుకొస్తుందో ఆమెకీ తెలియదు. ఎవరైనా అడుగుతారేమోనని ప్రతి ఏడూ ఆ చోట కాస్త వేగంగా చెప్పి దాటిపోయేది. ఇప్పుడు వెనక పెన్ను కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"సోమవారం చెబుతాను" అంది చివరికి.

సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో కళ్యాణి కాగితం చదివింది. ఆమె గొంతులో కోపం లేదు, మెత్తదనమూ లేదు.

"పదకొండూ పది. ప్రశ్న పూర్తికాకుండానే ఆరు చేతులు. పదకొండూ పదిహేను. నా ముందు బెంచీలో నోట్సులో ఈ పాఠమే ఉంది, నిన్నటి తారీఖుతో. పదకొండూ ముప్పై రెండు. చక్రి అడిగాడు. అంతదాకా బల్లకింద ఫోన్లు చూసుకుంటున్న నలుగురూ తలలెత్తారు."

కళ్యాణి కాగితం మడిచి అబిగేలు చేతిలో పెట్టింది.

"దీదీ, జూన్‌లో..."

"జూన్‌లో కూర్చోమంటే కూర్చుంటాను. ఈ గదిలోది అక్కడికి తీసుకెళ్లను. నేనొకటే అడుగుతా. చక్రికి ఏం చెబుతావు?"

"నాకు తెలీదు" అంది అబిగేలు.

కిటికీ దగ్గర లాజరస్ బిస్కెట్ల డబ్బా మూత పెడుతున్నాడు. ఫిజిక్స్ ఆయనది. ఎనిమిదేళ్లుగా రెండు బల్లల అవతలే కూర్చుంటున్నాడు.

"లాజరస్ భయ్యా, మీకు తెలుసు కదా?"

"ఇన్నేళ్లు నా బిస్కెట్లు తిన్నావు, ఒక్క ప్రశ్న అడిగావా? మొత్తం డబ్బా ఖాళీ చేసి ఇప్పుడడుగుతున్నావు" అని ఆయన కుర్చీ లాక్కొచ్చాడు. "తెలుసు. పిల్లలకి తెలిసేలా చెప్పగలనో లేదో, చూద్దాం. కాగితం ఉందా?"

అబిగేలు చేతిలో ఉన్నది ఒక్కటే. దాన్ని విప్పి, వెనక్కి తిప్పి ఆయన ముందు పరిచింది. కళ్యాణి సంచి తగిలించుకుని లేచింది.

"దీదీ" అని పిలిచింది అబిగేలు. పొద్దుటి భయం అలాగే ఉంది. "సోమవారం మళ్లీ వచ్చి కూర్చుంటారా?"