లేని బావిలో మంచినీళ్ళు

మూడు గేర్లమ్మ సైకిలుకి ఉన్న మూడు గేర్లలో పనిచేసేవి రెండే. ఊరందరి సైకిళ్ళూ బాగుచేసే మనిషి సొంత బండిని అలా ఎందుకు వదిలేసిందని ఎవరైనా అడిగితే, "డాక్టరుకి జలుబు చెయ్యదా?" అని ఎదురడుగుతుంది. అసలు సంగతి వేరు. ఆ పాతకాలపు బండికి గేర్లు వెనక చక్రం నడుమ, ఇనప డబ్బాలో ఉంటాయి. విప్పడం ఆవిడకి బాగా వచ్చు. ఓసారి విప్పి, తుడిచి, నూనె వేసి, గొప్పగా బిగించాక చూస్తే బల్ల మీద చిన్న స్ప్రింగు ఒకటి మిగిలిపోయింది. అది ఎక్కడిదో ఈనాటికీ తెలియదు. ఆ రోజునుంచీ మొదటి గేరు పడదు. రెండునుంచి మూడుకి వెళ్ళేటప్పుడు పెడలు కాసేపు ఊరికే తిరిగి, ఎక్కినవాళ్ళకి పై ప్రాణాలు పైనే పోతాయి.

ఆవిడకి అరవై ఏడేళ్ళు. చదువు నాలుగో తరగతి. అయిదులోకి వెళ్ళేలోపు వాళ్ళ నాన్న చేతికి స్పానరు ఇచ్చాడు. ఆ నాన్న కట్టిన కొట్టే ఇది. రోడ్డు మీదికి ఒకే ఒక్క గది, కప్పునుంచి వేలాడే టైర్లు, పంచర్లు చూసే నీళ్ళ తొట్టి, బయట ఒక బెంచీ. గుమ్మం మీద ఆయన స్వయంగా రాసిన బోర్డు: "లైట్‌హౌసు దాకా తొక్కి వచ్చిన అమ్మాయి చేతి పని."

ఆ బోర్డే ఆవిడ మెడకి గుదిబండ అయి కూర్చుంది.

ఇరవై రెండేళ్ళప్పుడు ఇదే సైకిలు మీద సముద్రం ఒడ్డునే తొంభై కిలోమీటర్లు తొక్కి లైట్‌హౌసు చూసొస్తానని బయల్దేరింది. నలభయ్యో కిలోమీటరు దగ్గర ఎదురుగాలి మొదలైంది. గంటసేపు తొక్కి వెనక్కి చూస్తే, గంట క్రితం దాటిన టీ కొట్టు ఇంకా కనబడుతూనే ఉంది. ఒక మైలురాయి మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. అటుగా వచ్చిన చేపల లారీ డ్రైవరు జాలిపడి, సైకిలునీ ఆవిడనీ బుట్టల మధ్య పడేసి తెచ్చి ఊరి చివర దింపాడు. ఆ రాత్రీ, మర్నాడు సాయంత్రం దాకా అక్కడే తచ్చాడి కొట్టుకి వస్తే, బెంచీ మీద నలుగురి ఎదుట నాన్న అడిగాడు, "వెళ్ళొచ్చావా?" అని. "ఆఁ" అంది. ఒక్క "ఆఁ". మర్నాటికల్లా బోర్డు లేచింది. బండి మీద తొక్కింది నలభై కిలోమీటర్లయితే, ఆ ఒక్క అక్షరం మీద నలభై అయిదేళ్ళు తొక్కింది.

అబద్ధం ఊరికే కూర్చోదు, మేత అడుగుతుంది. ఎవరు అడిగితే వాళ్ళకి ఒక ముక్క కలిపి చెప్పింది. చివరి పది కిలోమీటర్లూ పల్లమేనంది. లైట్‌హౌసు పక్కన మంచినీళ్ళ బావి ఉందని కూడా అంది. చిత్రమేమిటంటే, ఆవిడ దగ్గర దారి అడిగి వెళ్ళినవాళ్ళందరూ వచ్చి అదే చెప్పేవారు. అందరికంటే గట్టిగా చెప్పింది లెక్కల మాస్టారు. ఆయన రిటైరయ్యాక ఇరవై ఒక్క గేర్ల సైకిలు కొన్నాడు. మూడు రోజులు కనబడకుండా పోయి, నాలుగో రోజు బెంచీ మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"అబ్బ, ఆ బావి నీళ్ళండీ! పంచదార కలిపినట్టున్నాయి. రెండు చెంబులు తాగాను."

ఆ మాట విన్నాక ఆవిడకి తన అబద్ధం మీద తనకే నమ్మకం కుదిరింది. తను ఊహించిన బావి నిజంగానే ఉందన్నమాట! మనం చూడకపోయినా చెప్పగలిగామంటే మన బుర్ర సామాన్యమైందా అని పొంగిపోయింది కూడా. అంత తెలివి.

ఇలా సాగుతున్న కాపురంలోకి నర్సు వచ్చి పడింది. ఆసుపత్రి క్వార్టర్సులో కొత్తగా దిగిన మనిషి, ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. ప్రతిదీ కాగితం మీద రాసుకునే రకం. బ్రేకులు చూపించడానికి సైకిలు తెచ్చి అంది:

"వచ్చేవారం సెలవు పెట్టానమ్మా. లైట్‌హౌసుకి వెళ్తున్నా. కాస్త దారి గీసివ్వరూ? ఎక్కడెక్కడ నీళ్ళు దొరుకుతాయో కూడా పెట్టండి. నేను మళ్ళీ ఎక్కువ బరువు మోసుకెళ్ళలేను."

మూడు గేర్లమ్మ బ్రేకులు వదిలేసి ఆ పిల్ల వంక చూసింది. మిగతావాళ్ళు వేరు, వాళ్ళు కబుర్ల మనుషులు. ఈ పిల్ల వెళ్ళేలాగే ఉంది. తన కాగితాన్ని నమ్మి, నీళ్ళు తీసుకెళ్ళకుండా, ఎండలో.

"నీ వెనక చక్రం వంకర పోయిందమ్మా," అంది, చక్రం సూదిలా తిన్నగా తిరుగుతుంటే. "వారం పడుతుంది. ఆ కాగితమూ అప్పుడే ఇస్తా."

ఇంటికి వెళ్ళి సంచీలో బట్టలు కుక్కుకుంటుంటే చెల్లెలు గుమ్మంలో నిలబడింది. పిల్లలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాక అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు, రోజుకోసారి పోట్లాడుకుంటూ.

"ఎక్కడికే అక్కా?"

"లైట్‌హౌసుకి."

"ఒకసారి వెళ్ళొచ్చావుగా."

"మళ్ళీ చూడాలనిపించింది."

"ఇదిగో, ఆ రోజు నీ బట్టలు ఉతికింది నేను. మూడుసార్లు జాడించినా చేపల కంపు పోలేదు. సముద్రపు గాలి అన్నావు. గాలికి పొలుసులు కూడా అంటుకుంటాయా?"

మూడు గేర్లమ్మ సంచీ కింద పెట్టింది. "తెలిసి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"నాన్న బోర్డు రాసేసుకున్నాడుగా. సరేలే, ఆ మోకాళ్ళకి నూనె పట్టించుకో. గుడ్లు ఉడకబెడతా."

మొదటి రోజు యాభై కిలోమీటర్లు తొక్కింది. తొక్కిందనడం మర్యాద కోసం. మొదటి గేరు లేని బండి మీద ప్రతి మిట్టకీ దిగి, నెట్టి, పైకెక్కాక ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి ఎక్కింది. స్కూలు పిల్లలు ఇద్దరు పక్కనుంచి నడుచుకుంటూ దాటిపోయారు. ఆ మైలురాయి వచ్చినప్పుడు దాని వంక చూడకుండా పోదామనుకుంది కానీ, ఎదురుగాలి సరిగ్గా అక్కడే పట్టుకుంది. "ఇంకా ఇక్కడే ఉన్నావూ?" అని గాలిని తిట్టి, దిగి, ఈసారి ఏడవకుండా నెట్టింది. ఉప్పు గోదాముల దగ్గర వాచ్‌మన్ పెళ్ళాం పక్క వేసి పడుకోబెట్టింది. మర్నాడు పొద్దున్న నడుము ఒక దిక్కు, కాళ్ళు ఒక దిక్కు అన్నాయి. ఇద్దరికీ సర్దిచెప్పి ఎక్కింది.

ఎనభయ్యో కిలోమీటరు దాటింది. ఇక్కడినుంచి పల్లం అని నలభై అయిదేళ్ళుగా చెబుతున్న చోటు. రోడ్డు మలుపు తిరిగింది, అక్కడితో అయిపోయింది. ఎదురుగా ఏరు. సముద్రంలో కలిసే చోట అర కిలోమీటరు వెడల్పున, తాపీగా. ఒడ్డున ఒక పడవ, పడవలో బీడీ కాలుస్తూ ఒక ముసలాయన.

"లైట్‌హౌసుకి దారి ఎటు బాబూ?"

"ఇదే దారి. ఎక్కు. బండి కూడానా?"

"వేరే రోడ్డు లేదూ? వంతెనేదైనా?"

"ఉంటే నేనెందుకు ఇక్కడ? మా నాన్నా ఇదే పడవ, నేనూ ఇదే పడవ." ఆయన సైకిలుని కింద నుంచి పై దాకా చూశాడు. "ముప్ఫై అయిదేళ్ళలో మేకల్ని ఎక్కించా, మంచాల్ని ఎక్కించా, ఓసారి పెళ్ళికూతుర్ని ఎక్కించా. సైకిలు మీద లైట్‌హౌసుకి వచ్చిన మనిషిని చూడటం ఇదే."

"ఇదే అంటే? పోయినేడు ఓ మాస్టారు రాలేదూ? ఇరవై ఒక్క గేర్లు, బట్టతల?"

"నా పడవ ఎక్కకుండా పోవాలంటే ఈదాలమ్మా. బట్టతలవాళ్ళు ఎవరూ ఈదలేదు మరి."

పడవ మధ్యలోకి వచ్చేసరికి మూడు గేర్లమ్మకి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. పడవ ఊగుతోందని ముసలాయన కసిరాడు. అవతల ఒడ్డున పల్లం లేదు, ఇసక. నాలుగు గంటలు సైకిలుని ఈడ్చుకుంటూ నడిచింది. లైట్‌హౌసు తెల్లగా, పొడుగ్గా, తన ఊహలో ఉన్నదానికంటే కాస్త పొట్టిగా ఉంది. దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. బావి లేదు. కాపలాదారుని అడిగితే, "బావా? తాగే నీళ్ళు పీపాల్లో పడవ మీద రావాల్సిందే," అన్నాడు. ఆయన పోసిన గ్లాసుడు నీళ్ళు ఇనప తుప్పు వాసన వేశాయి. గడగడా తాగేసింది. గోడకి ఆనుకుని కూర్చుని, వచ్చానని నవ్వాలో, ఇంతకాలం కోసిన కోతలకి ఏడవాలో తేల్చుకోలేక ఒక గుడ్డు ఒలుచుకు తింది.

వెనక్కి వస్తున్నప్పుడు దారి పొడుగునా ఒకటే లెక్క. ఏటి సంగతి చెబితే, ఇప్పుడు వెళ్ళినట్టు ఋజువు. ఏటి సంగతి చెబితే, అప్పుడు వెళ్ళనట్టు కూడా ఋజువే. చెప్పకపోతే మాత్రం నర్సు ఒక సీసాడు నీళ్ళతో ఆ ఇసకలో నడుస్తుంది.

చెప్పిన వారానికి నర్సు వచ్చేసరికి బెంచీ నిండుగా ఉంది. మాస్టారు నడిమధ్యన కూర్చున్నాడు. మూడు గేర్లమ్మ బల్ల మీద కాగితం పరిచి పెన్సిలుతో గీత గీసింది. ఎనభై దగ్గర అడ్డంగా ఇంకో లావు గీత గీసింది.

"ఇదేమిటండీ?" అంటూ మాస్టారు మెడ చాచాడు.

"ఏరు."

"ఏరా?" బట్టతల తడుముకున్నాడు. "ఆఁ, ఏరు! ఉంది, ఉంది. చిన్న కాలవ."

"అర కిలోమీటరు వెడల్పు మాస్టారూ. పడవెక్కాలి. అవతల అంతా ఇసక, బావి లేదు, నీళ్ళు మోసుకెళ్ళాలి." పెన్సిలు కింద పెట్టింది. "నేను అప్పుడు వెళ్ళలేదు. సగం దూరం పోయి చేపల లారీలో వచ్చేశాను. వెళ్ళింది మొన్న. నీ చక్రానికి కూడా ఏమీ కాలేదమ్మా, నీకంటే ముందు వెళ్ళి చూద్దామని నీ బండి ఆపేశాను. తిట్టాలనుంటే తిట్టు."

నర్సు తిట్టలేదు. కాగితం మీద 'ఆరు సీసాలు' అని రాసుకుంటూ, "పడవలో సైకిలు పడుతుందా అమ్మా?" అని మాత్రం అడిగింది.

గొడవకి లేచింది బెంచీయే.

"అదేం మాటండీ!" అన్నాడు మాస్టారు, మొహం కందిపోయి. "మీరు వెళ్ళలేదంటే ఎవరు నమ్ముతారు? వయసు మీద పడింది, మరిచిపోయుంటారు."

"వెళ్ళనిది మరిచిపోతానా?"

"అప్పట్లో ఏరు లేదేమో!"

"మరి పోయినేడు?"

మాస్టారు చెప్పులు వేసుకున్నాడు. మిగతావాళ్ళకీ ఒక్కసారిగా ఇంటి పనులు గుర్తొచ్చాయి. జన్మలో ఒక్కసారి నిజం చెబితే, అబద్ధమని కొట్టిపారేసి నలుగురూ తలో దిక్కూ పోయారు. ఖాళీ బెంచీని చూస్తూ, అబద్ధానికి ఉన్న మర్యాద నిజానికి లేదు కదా అని ఆవిడకి కాస్త ఉక్రోషం కూడా వచ్చింది.

మర్నాడు షట్టరు ఎత్తుతుంటే మాస్టారు ఒక్కడే వచ్చాడు, సైకిలు నడిపించుకుంటూ. గోడకి ఆనించి, వీధి ఈ చివరా ఆ చివరా చూశాడు.

"గాలి కొట్టాలండీ," అన్నాడు. ఆవిడ పంపు తీసింది. రెండో టైరు సగంలో ఉండగా ఆయన గొంతు తగ్గించి, "ఆ పడవ... పొద్దున ఎన్నింటికి మొదలవుతుందంటారు?" అన్నాడు.

నాలుక చివరిదాకా వచ్చిన ఎత్తిపొడుపులు పది ఉన్నాయి. పదీ మింగేసింది.

"ఏడింటికి. కానీ ఆ ఇరవై ఒక్క గేర్లూ ఇసకలో దేనికీ పనికిరావు మాస్టారూ," అంది, పంపు మీద బరువు వేస్తూ. "మంచి చెప్పులు వేసుకెళ్ళండి."