పందులకే కదా

బెంజ్ సర్కిల్ దాటాక కొత్తగా పెట్టిన గానుగ నూనె కొట్టు ముందు జనం నిలబడి, తిరుగుతున్న గానుగను ఫోన్లలో ఫొటోలు తీసుకుంటుంటారు. నూనె పిండగా మిగిలిన చెక్క వేడి వాసన, తియ్యగా, కాస్త మాడినట్టుగా, రోడ్డు మీదికి వస్తుంది. వాళ్ళకది ఆరోగ్యం. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

తొంభైల్లో గుణదల అవతల కాలువ గట్టున మా నాన్న పందులు పెంచేవాడు. మా తాత కాలంలో వాటిని వీధుల మీదికి వదిలేవారు; అవి ఎవరి పెరట్లో దూరినా తిట్లు మా గుమ్మంలోకి వచ్చేవి. ఆ తిట్లు పడలేక నాన్న రేకుల షెడ్డు వేసి, సిమెంటు తొట్లు కట్టించి, మిల్లు నుంచి వేరుశనగ చెక్క తెచ్చి మేపడం మొదలుపెట్టాడు. పొద్దున్నే ఆ చెక్క పలకల్ని సుత్తితో పగలగొట్టి, నానబెట్టి, తవుడూ హోటళ్ళ గంజీ కలిపి పోస్తే, ఎదిగే పందిపిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, చెవులదాకా పిండి పూసుకుని తినేవి. ఎండాకాలం కాలిన రేకుల వేడి, వానాకాలం కాలువ బురద, వాటన్నిటి మీదా నానిన చెక్క పులుపు. మేము పిల్లలం ఓ ముక్క బుగ్గన పెట్టుకుని తొక్కుడుబిళ్ళ ఆడుకునేవాళ్ళం.

తిట్లు మాత్రం ఆగలేదు. వెనక కాలనీ వాళ్ళు మా సందుకి పందుల సందని పేరు పెట్టారు, వాళ్ళ పంపు దగ్గర మా అమ్మ బిందెను పక్కకి నెట్టేసేవారు. క్రిస్మస్ ముందు మాత్రం ఆ ఇళ్ళ మగవాళ్ళే స్టీలు గిన్నెలు సంచుల్లో దాచుకుని మాంసం కోసం వచ్చి, "కొవ్వు తక్కువుండేట్టు చూడు" అని గొంతు తగ్గించి చెప్పేవారు. వాళ్ళ ముఖాలు నాకు ఇంకా గుర్తే.

ఒక ఏడాది వానలు విడవకుండా పట్టాయి. మిల్లు గోదాము కప్పు కారి బస్తాలు తడిశాయి. ఆ వానల్లో ఇంకెక్కడా చెక్క దొరక్క నాన్న అక్కడికే వెళ్ళాడు, వెంట నేనూ ఉన్నాను.

"షావుకారు గారూ, అడుగునున్న బస్తాలు బూజు పట్టినట్టున్నాయండీ," అన్నాడు నాన్న.

మిల్లు షావుకారు చదువుతున్న పేపరు దించలేదు. "ఆరబెట్టుకో. మనుషులకా ఏంటి, పందులకే కదా."

నాన్న ఆరబెట్టాడు, పచ్చగా కనబడిన ముక్కలన్నీ ఏరి పారేశాడు. అయినా కొన్నాళ్ళకి పందిపిల్లలు తొట్టి దగ్గరికి రావడం మానేశాయి. వెంట్రుకలు బిరుసెక్కాయి, కళ్ళు పసుపు తిరిగాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే గోడవారన ఒరిగిపోయాయి. పశువుల డాక్టరు వచ్చి మిగిలిన బస్తా విప్పి చూసి, బూజు విషం లోపలిదాకా దిగిందనీ, ఆరబెట్టినా పోదనీ చెప్పాడు. నాన్న షెడ్డు మెట్టు మీద కూలబడ్డాడు. అమ్మ ఆ బస్తాను రిక్షాలో వేయించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

మిల్లు ముందు గదిలో నూనె డబ్బాలతో జనం ఉన్నారు. వాళ్ళందరి మధ్య అమ్మ బస్తాను బోర్లించింది. బూజు దుమ్ము లేచి అందరికీ దగ్గొచ్చింది.

"ఏంటమ్మా ఈ గొడవ?" అన్నాడు షావుకారు.

"గొడవేం లేదండీ. వెనక దొడ్లో మీ గేదె ఉందిగా. ఇది దానికి పెట్టండి. అది తింటే నేను వెళ్ళిపోతా."

అమ్మ ఓ పలక తీసి ఆయన బల్ల మీద పెట్టింది. "పెట్టండి మరి."

"గేదె పాలు మా పిల్లలు తాగుతారు," అన్నాడు చివరికి.

డబ్బాలతో వచ్చిన వాళ్ళు తలలు దించుకున్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. దారిలో ఏడ్చింది నేనే.

ఆ తర్వాత ఊళ్ళో ఏ మిల్లూ మాకు చెక్క అమ్మలేదు. మాకు అమ్మొద్దని అందరికీ షావుకారు కబురు పెట్టాడని తరువాత తెలిసింది. నాన్న మిగిలిన పందుల్ని వచ్చిన ధరకి వదిలించుకుని, గవర్నర్‌పేటలో ఓ లాడ్జికి కాపలాకి కుదిరాడు. కుర్చీలో కూర్చునే ఆ పనిలోనే ముసలివాడైపోయాడు. షావుకారు పోయాడని విన్న రోజు నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు.

మొన్న అమ్మనీ నా కూతుర్నీ ఆటోలో తీసుకెళ్తూ ఆ గట్టు దారిన వెళ్ళాం. మిల్లు లేదు, పంపు లేదు. షెడ్డు ఉన్నచోట అపార్టుమెంటు లేచింది, సందుకి ఏదో పువ్వు పేరుతో ఆర్చి కట్టారు. గేటు దగ్గర కాపలావాడు ఎవరి కోసమని అడిగాడు. అమ్మ దిగలేదు.

"ఇక్కడ ఏముండేది అమ్మమ్మా?" అంది నా కూతురు.

"మనం ఉండేవాళ్ళం," అని, డ్రైవర్ని పోనివ్వమంది అమ్మ.