శాలువాలో రంగు తప్పిన ఆకు

నేను ఎవరినీ తొందరగా నమ్మను. గ్యాస్ సిలిండర్ వస్తే ఎదురుగా తూచేదాకా సంతకం పెట్టని రకం. అలాంటిదాన్ని, అమ్మ కుట్టిన నల్ల శాలువాను కె.ఆర్.పురంలో చిల్లులు కనపడకుండా కుట్టే రఫ్ఫు పని చేసే ముసలాయనకు ఇచ్చానంటే, వేరే దారి లేకే. పురుగు కొట్టి అంచున రెండు చిల్లులు పడ్డాయి.

అమ్మ బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో వారమంతా కాలర్లు కుట్టి, ఆదివారాలు దాని మీద పూలు కుట్టేది. ఆమె పోయాక నేను దాన్ని పాత పంచెలో చుట్టి దాచాను. నెలకోసారి నీడన ఆరేసి, మడత మార్చి పెట్టేదాన్ని. పనిమనిషిని కూడా ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

మూల పువ్వు కింద ఒక ఆకు మాత్రం చిలకపచ్చ, మిగతావన్నీ ముదురాకుపచ్చ. చిన్నప్పుడు అమ్మ దారం ఎత్తుకుపోయి బొమ్మకు జడ వేశాను. దారం చాలక ఆమె ఆ ఆకును దొరికినదాంతో కుట్టింది. "అది నీ ఆకు" అని చివరిదాకా ఉడికించింది.

"ఇంకేమన్నా చూడాల్నా అమ్మా?" అని శాలువా అందుకుంటూ ముసలాయన అడిగాడు. ఏమీ లేదన్నాను. శాలువా మారిస్తే పట్టుకోవడానికి ఆ ఆకే గుర్తని, కావాలనే దాని ఊసెత్తలేదు.

వారానికి తెచ్చుకుని ఇంట్లో విప్పాను. చిల్లులు ఎక్కడుండేవో కనిపించలేదు. ఇంత బాగా ఎలా కుదిరిందని అనుమానం వచ్చి, మూల పువ్వు చూశాను. ఆకులన్నీ ముదురాకుపచ్చే. ఆటో ఎక్కి తిన్నగా అంగడికి వెళ్ళాను.

"ఇది మాది కాదు. మా శాలువా ఎక్కడప్పా?"

ఆయన దాన్ని తిరగేశాడు. అమ్మ ముడి వేసేది కాదు, ప్రతి దారాన్నీ మూడు చిన్న కుట్లతో ఆపేది. వెనకంతా ఆ కుట్లే ఉన్నాయి. ఒక్క ఆకు వెనక మాత్రం లేవు.

"మీదేనమ్మా. ఈ ఆకు రంగు తప్పి ఉండె. ఇంత మంచి పనిలో అదొక్కటే బాగలేదని, విప్పి సరిగ్గా కుట్టినా. దానికేం ఇయ్యొద్దులే."

నేను దొంగను పట్టుకుందామని వచ్చాను. ఆయన ముఖంలో మంచిపని చేసిన సంతోషం. ఎలా తిట్టను? ఏడుపు ఆపుకుంటూ, విప్పిన దారం ఉందా అని అడిగాను.

"అది ఆ పొద్దే ఊడ్చేసినామమ్మా" అన్నాడు. నా ముఖం చూసి ఆయన గొంతు తగ్గింది. "అడిగినా కదమ్మా. ఒక్క మాట చెప్పింటే దాన్ని ముట్టుకుందునా?"