ఏడో పాఠం దగ్గర ఆగే ఇస్త్రీపెట్టె

మా మావయ్య మూడేళ్ళుగా లాటిన్ నేర్చుకుంటున్నాడు. మూడేళ్ళుగా ఏడో పాఠంలోనే ఉన్నాడు. అక్కడికి చేరగానే "ఇక నా వల్ల కాదు" అని చతికిలబడతాడు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ మొదటి పాఠం పెడతాడు.

మావయ్యది ఇస్త్రీ దుకాణం. అందులోనే కిటికీ పక్కన నా కుట్టుమిషను. ఫోన్లో ఒక పంతులమ్మ పాఠం చెబుతుంది. దేశదేశాల వాళ్ళు విని, జంటలుగా ఒకర్నొకరు అడిగి అప్పజెప్పుకుంటారు. మావయ్య చెవిలో వైరు పెట్టుకుంటాడు కాబట్టి అతని వైపు మాటలే మాకు వినిపిస్తాయి. జవాబు సాగితే పెట్టె చొక్కా మీద సాగుతుంది. జవాబు ఆగితే అదీ ఆగుతుంది, కాలిన వాసన వస్తుంది.

"ఏడోదా?" అని అత్తయ్య లోపల్నుంచి కేకేస్తుంది.

"ఏడోదే."

"ఇప్పుడా భాష ఎవరు మాట్లాడుతున్నారండీ?"

"ఎవరూ మాట్లాడరు."

"మరి మీరు నేర్చుకుని ఎవరితో మాట్లాడతారు?"

"అదేగా నా ఏడుపు."

ఒకరోజు పంతులమ్మ దగ్గర్నుంచి సందేశం వచ్చింది. చేరాలనుకునేవాళ్ళు ఎక్కువయ్యారట. ఆదివారం పరీక్షలో ఏడో పాఠం దాటనివాళ్ళ పేర్లు తీసేస్తారట.

మావయ్య అన్నం ముట్టలేదు. "నా పేరు పోతుందిరా. ఇక నాకేం మిగిలింది?"

"చొక్కాలు మిగులుతాయి" అంది అత్తయ్య. అంటూనే అడక్కుండా టీ తెచ్చి పక్కన పెట్టింది.

ఆదివారం పరీక్ష. జంటగా ఇద్దరూ హాజరు కావాలి, ఫోను పైకి వినిపించాలి. మావయ్య జంట ఎక్కడో ఇంకో దేశంలో బస్సు నడిపే ఆవిడ. మావయ్య చేతిలో యథాప్రకారం ఇస్త్రీపెట్టె, బల్ల మీద నా చొక్కా. పెట్టె లేకపోతే నోరు పెగలదంటాడు.

పంతులమ్మ ఏడో పాఠం అడిగింది. మావయ్య తడుముకోకుండా చెప్పాడు. ఎనిమిదోది అడిగింది. పన్నెండోది. ఇరవయ్యోది. పెట్టె ఎక్కడా ఆగకుండా జారిపోతోంది. నేను మిషను ఆపేశాను.

తర్వాత బస్సావిడ వంతు. ఏడో పాఠం. సగం వాక్యం చెప్పి ఆగిపోయింది.

ఇస్త్రీపెట్టె ఆగింది.

మావయ్య కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. కాసేపటికి మెల్లగా ఆ భాషలోనే ఏదో అన్నాడు. మూడేళ్ళుగా అవే ఏడు పాఠాలు వింటే నా మిషనుకైనా అర్థమవుతుంది. "నాకూ రాదమ్మా. మొదట్నుంచి ఇద్దరం చెబుదామా?" అన్నాడు.

ఆవిడ నవ్వింది. మొదట్నుంచి ఎత్తుకుని, ఆగకుండా చివరిదాకా చెప్పేసింది. ఇద్దరి పేర్లూ నిలిచాయి. నా చొక్కా నిలవలేదు.

"మిగతావన్నీ ఎప్పుడు నేర్చావు మావయ్యా?"

"నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు."

"మరి రాదని ఏడుస్తావెందుకు?"

"ఏడోదాని దగ్గర అందరూ మానేస్తార్రా. నాకు వచ్చంటే సిగ్గుపడి ఇంకా ముందే పోతారు. నాకూ రాదంటే నాతో కూర్చుంటారు. వాళ్ళకి జవాబు తట్టేదాకా ఆగుతాను. తట్టాక వాళ్ళు ముందుకెళ్ళిపోతారు, నేను ఇంకొకళ్ళతో మొదటికొస్తాను. పదిహేడుమంది అయ్యారు. ఇక నా వల్ల కాదు."

పదిహేడు చొక్కాలు నాకు కళ్ళముందు కదిలాయి. వాసనకి వచ్చిన అత్తయ్య గుమ్మంలోనే నిలబడి అంతా వింది.

మర్నాడు పొద్దున మావయ్య మొదటి పాఠం పెడుతుంటే అత్తయ్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ రెండో వైరు ఇటివ్వండి."

మావయ్య పెట్టె చొక్కా మీదే వదిలేసి వైరు ఆమె చేతికిచ్చాడు. "నాకూ సరిగ్గా రాదే" అన్నాడు.

"తెలుసు లెండి. ముందా పెట్టె చొక్కా మీంచి తీయండి."