మునిరత్నం మామ తువ్వాలు

చిత్తూరు రోడ్డులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ దాటేటప్పుడు బస్సులోకి ఒక వాసన కొడుతుంది. మగ్గిన తోతాపురి కాయలు, డీజిలు, ఎండకు కాలిన తారు, అన్నీ కలిసిన వాసన. మొన్న అది తగలగానే నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్కసీటావిడ నన్ను అనుమానంగా చూసి తన సంచి ఒళ్ళోకి లాక్కుంది. పాపం, ఆమెకు మునిరత్నం మామ ఎవరో ఏం తెలుసు?

మామ మా ఎదురింటాయన. సొంత ట్రాక్టరులో ఆ ఫ్యాక్టరీకి కాయలు తోలేవాడు. తిరుపతిలో ఇంజనీరింగు చివరి ఏడాదిలో ప్రాజెక్టుకని నేనొక వీడియో గేమ్ చేశాను. చెట్టుమీంచి రాలే మామిడికాయల్ని బుట్టలో పట్టుకోవాలి, పట్టినప్పుడల్లా పాయింట్లు. సెలవులకు ఇంటికొచ్చి గొప్పగా మామకు చూపించాను. రెండు నిమిషాలు ఆడి పెదవి విరిచాడు.

"కాయ కోసేది ఒగ పూట మే. ఫ్యాక్టరీ గేటు ముందర లైన్లో నిలబడేది మూడు దినాలు. ఆ మూడు దినాలు యాడ పెట్టినావు?"

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఉండు నీ సంగతి చెప్తానని ఆట మొత్తం మార్చేశాను. తెరమీద ట్రాక్టర్ల బారు. ముందు బండి కదిలితే మీట నొక్కి మనమూ కదలాలి, నొక్కకపోతే బారు చివరికి పోతాం. ఈలోగా కాయలు కుళ్ళుతుంటాయి. అంతే ఆట! మా గైడు సారు చూసి, "ఇందులో సరదా ఏదమ్మా? సరదా లేనిది ఆటే కాదు. పరీక్షకు ఇలాగే తెస్తే పాస్ చెయ్యను," అని తేల్చేశారు. ప్రాజెక్టు పోతే నా చదువు ఏడాది వెనక్కి.

ఏడుపు మొహంతో ఇంటికి చేరాను. మామేమో మర్నాడు పొద్దున్నే నా ల్యాప్‌టాప్‌లో ఆ కొత్త ఆట ముందు కూర్చుని మధ్యాహ్నం దాకా లేవలేదు. గేటు ఇంక నాలుగు బండ్ల దూరంలో ఉందనగా అత్త అన్నానికి పిలిచింది. భుజం మీది తువ్వాలు తీసి ల్యాప్‌టాప్ మీద పరిచి, తాపీగా వెళ్ళి సంగటి తినొచ్చాడు. చూస్తే బండి బారు చివర ఉంది.

"ఎవుడబ్బా నా ముందరికి దూరింది? తువ్వాలేసి పోయినాను గదా!"

"మామా, అది కంప్యూటరు. దానికి తువ్వాలు తెలీదు," అన్నాను నవ్వాపుకోలేక.

"అయితే నేర్పించు మే! తువ్వాలుంటే ఎనకాలోడు మన బండి గూడా జరపాల. అది లేకుంటే ఆ లైన్లో మనిషి ఉండగలడా?"

"జరిపినవాళ్ళకు ఎన్ని పాయింట్లిద్దాం?"

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "దానికి గూడానా? సిగ్గుండాదా నీకు?"

పాయింట్లు పెట్టలేదు. తువ్వాలు మాత్రం పెట్టి, దేవుడిమీద భారమేసి పరీక్షకు పోయాను. సారు ఆవులిస్తూనే ఆడారు. ముందు బండిమీద తువ్వాలు కనిపిస్తే మారుమాట లేకుండా దాన్నీ జరిపారు. పావుగంటకు ఎవరో పిలిస్తే లేచి, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చారు. జేబులోంచి కర్చీఫు తీసి కీబోర్డు మీద వేశారు.

"నా బండి కాస్త చూసుకోమ్మా!"

సరదా మాత్రం లేదని గొణుక్కుంటూనే చివరికి సంతకం పెట్టారు.

పోయిన వేసవిలో మామ కన్నుమూశాడు. చాలా ఏడ్చాను, ఇప్పటికీ ఆయన లేని వీధి నాకు నచ్చదు. ఆటలు చేసే ఆఫీసులోనే నా ఉద్యోగం. ఇందులో సరదా ఏదని ఎవరైనా అడిగితే వాదన పెట్టుకోను. ఆడుతున్నవాళ్ళను మధ్యలో భోజనానికి లేపి, పోయేముందు కీబోర్డు మీద ఏమైనా వేసిపోతారేమోనని చూస్తుంటాను.